ఎర్ర వీధిలో నీలం బోర్డు

బంతి అంటే నాకు చాలాకాలం వరకూ రెండే రకాలు తెలుసు. పెరట్లో పూసే బంతి ఒకటి, పెళ్ళిలో భోజనానికి కూర్చునే బంతి రెండోది. మూడో రకం బంతి కూడా ఉందనీ, దాన్ని కాళ్ళతో తన్నుతారనీ, ఆ తన్నులాట కోసం తండ్రీ కొడుకులు ఒకే ఇంట్లో రెండు రోజులు మాట్లాడుకోకుండా ఉండగలరనీ మాంచెస్టర్‌లో మా అక్కయ్య ఇంటికి వెళ్ళేదాకా నాకు తెలియదు.

అది 2009 వేసవి. మావారికి కంపెనీ పని మీద రెండు నెలలు ఆ ఊళ్ళో ఉండాల్సి వచ్చింది. నాలుగేళ్ళ మా అమ్మాయిని చంకనేసుకుని నేనూ బయల్దేరాను. హైదరాబాదు విమానాశ్రయానికి మా అత్తగారు కూడా వచ్చారు. మా పుట్టిల్లు తెనాలి, అత్తవారిల్లు అమలాపురం. కృష్ణకీ గోదావరికీ ఉన్నంత దూరమే నాకూ మా అత్తగారికీ ఉండేది. మధ్యమధ్య కాలవలు ఉండేవి గానీ వంతెనలు తక్కువ.

ఆవిడ నా చేతిలో ఒక నీలం రేకు డబ్బా పెట్టారు. "ఆత్రేయపురం పూతరేకులమ్మా. మీ అక్కయ్యగారింట్లో అందరికీ పెట్టు. ఎక్కడివని అడిగితే మా వైపువని చెప్పు" అన్నారు. అంతటితో ఆగితే బాగుండేది. "రెండు నెలలు మీ పుట్టింటివాళ్ళ మధ్యే ఉంటుంది పిల్ల. అమలాపురం అని ఒక ఊరుందని కూడా అప్పుడప్పుడూ చెబుతూ ఉండు" అన్నారు.

ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. నా అక్క ఇంటికి నేను వెళుతుంటే అక్కడ కూడా మీ ఊరి జెండా పాతాలా అనుకున్నాను. పైకి అనలేదు. డబ్బా మాత్రం సూట్‌కేసు అడుగున పెట్టాను. అక్కయ్య ఇంటికి వెళ్ళాక కూడా అది అడుగునే ఉండిపోయింది. అత్తగారికి ఫోన్ చెయ్యవలసి వచ్చినప్పుడల్లా మావారి చేతికి ఇచ్చి నేను వంటింట్లోకి తప్పుకునేదాన్ని.

అక్కయ్య వాళ్ళ ఇల్లు స్ట్రెట్‌ఫర్డ్ అనే పేటలో. మాంచెస్టర్ యునైటెడ్ వారి ఓల్డ్ ట్రాఫర్డ్ మైదానం దగ్గరే. వాళ్ళ రంగు ఎరుపు. ఆ పేటలో కిటికీలో కండువా ఎరుపు, పిల్లల చొక్కాలు ఎరుపు. మా బావగారు కూడా ఎరుపే. గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి, 1990ల మొదట్లో అక్కడి ఆసుపత్రిలో చేరిన మనిషికి ఈ పిచ్చి ఎలా అంటుకుందని అడిగాను.

"ఏం చెప్పమంటావమ్మా" అని నవ్వారాయన. "మొదటి చలికాలం. రాత్రి డ్యూటీ. పలకరించే దిక్కు లేదు. వార్డులో స్ట్రెచరు తోసే పెద్దాయన ఒకడు నా దగ్గరికొచ్చి 'డాక్టరూ, ఎరుపా నీలమా?' అనడిగాడు. ప్రశ్న బోధపడలేదు. గుంటూరు వాణ్ణి కదా, మిరపకాయలు కళ్ళముందు మెదిలి 'ఎరుపు' అనేశాను. అంతే, కుర్చీ లాగి, టీ తెచ్చిచ్చాడు."

అలా మా బావగారు మిరపకాయ సాక్షిగా యునైటెడ్ మనిషయ్యారు. మా అక్క కొడుకు బుజ్జిగాడు పుట్టింది 1999లో. ఆ ఏడాదే యునైటెడ్ ఇంగ్లీషు లీగూ, ఎఫ్.ఏ. కప్పూ, యూరపు ఛాంపియన్స్ లీగూ మూడూ గెలిచింది. ఇంకేం, ఆ పిల్లవాడి తొలి బట్టలే ఎర్రవి!

మేము వెళ్ళిన జూలైలోనే ఒకరోజు పిల్లల్ని తీసుకుని నేనూ అక్కయ్యా బస్సులో ఊళ్ళోకి వెళ్ళాం. ఆ ఊళ్ళో బస్సు డ్రైవరు ఆడవాళ్ళను "లవ్" అని పిలుస్తాడు. మొదటిసారి విన్నప్పుడు నేను గతుక్కుమన్నాను. మన వైపు "అమ్మా" అన్నట్టేనట, దాంట్లో ఇంకేమీ లేదట. సరే, డీన్స్‌గేట్ అనే వీధిలో పెద్ద బోర్డు కనిపించింది. లేత నీలం రంగు. రెండు చేతులూ బార్లా చాపిన ఆటగాడి బొమ్మ. "వెల్‌కమ్ టు మాంచెస్టర్" అని పెద్దక్షరాలు.

"ఎంత మర్యాదస్తులే వీళ్ళు! వచ్చినవాళ్ళకి బోర్డు కట్టి మరీ స్వాగతం చెబుతున్నారు" అన్నాను.

అక్కయ్య నా మోచెయ్యి గిల్లింది. "ఊరుకోవే, అది స్వాగతం కాదు, వెక్కిరింత!"

సంగతేమిటంటే, ఆ బొమ్మలో ఉన్నవాడు కార్లోస్ టెవెజ్ అనే అర్జెంటీనా ఆటగాడు. అంతకు ముందు రెండేళ్ళు యునైటెడ్‌లో ఎర్ర చొక్కా వేసుకుని ఆడాడు. ఆ జూలైలోనే అదే ఊళ్ళో ఉన్న రెండో జట్టు, నీలం చొక్కాల మాంచెస్టర్ సిటీలో చేరిపోయాడు. 2008లో అబుదాబి షేకుగారొకాయన సిటీ క్లబ్బును కొన్నారు కాబట్టి వాళ్ళ దగ్గర డబ్బుకు కొదవ లేదు. ఓల్డ్ ట్రాఫర్డ్ మైదానం ఉన్నది మాంచెస్టర్ నగర హద్దుల్లో కాదు, పక్కనున్న ట్రాఫర్డ్ హద్దుల్లో. అంటే "ఇన్నాళ్ళూ ఊరవతల ఉన్నావు, ఇప్పుడు అసలు ఊళ్ళోకి వచ్చావు నాయనా" అని చెప్పడమన్నమాట. పొరుగింటి కోడల్ని మనింటికి తెచ్చుకున్నదే కాక, ఆవిడ ఫోటో వీధి మొగలో కట్టి "ఇప్పటికి మంచి ఇంట్లో పడ్డావమ్మా" అని రాసినట్టు! యునైటెడ్ మేనేజరు ఫెర్గూసన్‌గారికి ఒళ్ళు మండింది. సిటీది చిన్న క్లబ్బు, చిన్న బుద్ధి అని పత్రికలవాళ్ళ ముందే అన్నారు.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఇదే చర్చ. మావారు లెక్కల మనిషి. "దండగ ఖర్చు. ఎరుపువాడెవడైనా ఆ బోర్డు చూసి నీలంలోకి మారతాడా? మారనివాళ్ళ కోసం ప్రకటన ఎందుకు?" అన్నారు. ప్రశ్న సబబుగానే తోచింది. బి.ఏ.లో చరిత్ర చదివినదాన్ని కదా, తోచనప్పుడు పేట లైబ్రరీకి వెళ్ళి ఆ పుస్తకాలు తిరగెయ్యడం మొదలుపెట్టాను.

తీరా చూస్తే, పొరుగువాడి పేటలో అభిమానుల కోసం వల వెయ్యడం నిన్నమొన్నటి ముచ్చట కాదు. లండన్‌లో ఆర్సెనల్ అనే జట్టు పుట్టింది థేమ్స్ నదికి దక్షిణాన వూలిచ్‌లో, ఆయుధాల కార్ఖానా పనివాళ్ళ మధ్య. అక్కడ జనం చాలక, 1913లో బిచాణా ఎత్తేసి నది దాటి ఉత్తరాన హైబరీలో దిగారు. అప్పటికే ఆ వైపంతా టాటెన్‌హామ్ జట్టువాళ్ళది. వాళ్ళు లబోదిబోమన్నా ప్రయోజనం లేకపోయింది. అక్కడితో ఆగలేదు. 1932లో ఆ పేట భూగర్భ రైలు స్టేషను పేరు గిలెస్పీ రోడ్ అని ఉంటే ఆర్సెనల్ అని మార్పించారు. ఇంతకంటే పెద్ద బోర్డు ఏముంటుంది చెప్పండి? టాటెన్‌హామ్ అభిమాని కూడా ఆ స్టేషనులో దిగాలంటే శత్రువు పేరు చూసుకుని దిగాలి!

మాంచెస్టర్ వాళ్ళ కథ ఇంకా చిత్రం. యునైటెడ్ పుట్టింది 1878లో, న్యూటన్ హీత్ రైలు కార్ఖానా పనివాళ్ళ జట్టుగా. సిటీకి మూలం 1880లో వెస్ట్ గోర్టన్‌లోని సెయింట్ మార్క్స్ చర్చి జట్టు. ఆ పేటలో మగవాళ్ళు తాగి వీధుల్లో కొట్టుకుంటుంటే, వాళ్ళకో వ్యాపకం కల్పించాలని చర్చి మతగురువుగారి కూతురు ఆనా కానెల్ పూనుకుందని చెబుతారు. మగవాళ్ళ తగువులు మాన్పడానికి ఒక ఆడపిల్ల వేసిన మొక్క, నూరేళ్ళు దాటాక ఎన్ని కొత్త తగువులు కాసిందో చూడండి!

నేను అసలు ఊహించనిది మరొకటుంది. 1941లో జర్మన్ బాంబులు పడి ఓల్డ్ ట్రాఫర్డ్ కూలిపోతే, యుద్ధమయ్యాక 1949 దాకా యునైటెడ్ తన ఆటలు ఆడుకున్నది ఎక్కడనుకున్నారు? సిటీ వారి మెయిన్ రోడ్ మైదానంలో, అద్దెకి. యునైటెడ్‌ను అంతదాన్ని చేసిన మాట్ బస్బీ ఆటగాడిగా 1934లో ఎఫ్.ఏ. కప్పు గెలిచింది సిటీ చొక్కాతో. 1958 ఫిబ్రవరిలో మ్యూనిక్‌లో యునైటెడ్ ఆటగాళ్ళ విమానం కూలి 23 మంది పోతే, వాళ్ళలో పత్రికా విలేఖరిగా వెళ్ళిన ఫ్రాంక్ స్విఫ్ట్ ఒకరు. ఆయన ఒకప్పటి సిటీ గోల్‌కీపరు. వియ్యాలవారి తగువులంటే మనకి తెలియనివా? పైకి కయ్యం, లోపల రక్తసంబంధం.

నేనిలా చరిత్ర తవ్వుకుంటూ ఉండగా ఇంట్లో బాంబు పడింది. ఒక రాత్రి పప్పన్నం కలుపుకుంటూ బుజ్జిగాడు, "నాన్నా, నేనింక సిటీ" అన్నాడు.

"ఏ సిటీ?" అన్నారు బావగారు, అర్థమయ్యే.

"మాంచెస్టర్ సిటీ."

బావగారు చెయ్యి కడుక్కుని లేచిపోయారు. ఆ మర్నాటి నుంచి, "మీ అబ్బాయిని పాలు తాగమను", "ఆయన్ని నా ఫారం మీద సంతకం పెట్టమను" అని అక్కయ్య ద్వారా రాయబారాలు. అక్కయ్య నవ్వలేక, ఏడవలేక మధ్యలో నలిగింది. "ఆటే కదండీ" అని నేనంటే బావగారు నా వంక చూసిన చూపు నాకింకా గుర్తే. ఆయన అలిగింది ఆట కోసం కాదని ఆ చూపులో తెలిసింది గానీ, మరి దేనికో తెలియలేదు.

పక్కింట్లో ఎనభైకి దగ్గరపడిన ముసలావిడ ఒంటరిగా ఉండేది. భర్త పోయి చాలా ఏళ్ళయింది. బుజ్జిగాడికి ఆవిడ దగ్గర చనువు. ఆ గొడవ జరిగిన మర్నాడు నన్ను టీకి పిలిచింది. వెళ్ళి చూద్దును కదా, ఆ ఎర్ర పేటలో ఆవిడ వంటింట్లో గోడకి లేత నీలం కండువా వేలాడుతోంది! వీధి వైపు గదిలో కాదు, వంటింట్లో.

"మీరు సిటీయా?" అన్నాను ఆశ్చర్యంగా.

"పుట్టిల్లు సిటీ. పెళ్ళాడింది యునైటెడ్‌ని" అంది నవ్వుతూ. "యాభై ఏళ్ళ కిందట ఈ వీధికి కాపరానికి వచ్చాను. అప్పట్నుంచీ ఈ కండువా వంటింట్లోనే."

1974 ఏప్రిల్ 27న జరిగిన సంగతి చెప్పిందావిడ. డెనిస్ లా అనే ఆటగాడు పదకొండేళ్ళు యునైటెడ్‌లో ఆడి, దేవుడి మాదిరి పూజలందుకుని, ఆఖర్న వాళ్ళు పొమ్మంటే సిటీకి వచ్చాడు. ఆనాడు ఓల్డ్ ట్రాఫర్డ్‌లో ఆట. యునైటెడ్ పై డివిజను నుంచి కిందికి జారిపోయే స్థితిలో ఉంది. ఆట ముగుస్తుందనగా డెనిస్ లా మడమతో వెనక్కి తన్నిన బంతి గోల్లో పడింది. సిటీ గెలిచింది. గోలు కొట్టినవాడు నవ్వలేదు, చెయ్యెత్తలేదు. తలవంచుకుని నడిచాడు. వెంటనే అతన్ని ఆటలోంచి బయటికి తీసుకున్నారు. వేరే ఊళ్ళల్లో తేలిన ఫలితాల వల్ల ఆ గోలు లేకపోయినా యునైటెడ్ జారిపోయేదేనట. కానీ ఆ సంగతి అప్పటికి అతనికి తెలియదు కదా.

"నేను రేడియోలో విన్నాను. గెలిచామని ఎగిరి గంతెయ్యాలి. మా ఆయన మైదానం నుంచి వచ్చి ఇదిగో, ఈ కుర్చీలో కూలబడ్డాడు. నేను టీ పెట్టిచ్చాను. ఇద్దరం మాట్లాడుకోలేదు. గెలిచిన రోజున అంత దిగులుగా ఉన్నది నేనూ డెనిస్ లా మాత్రమే అయ్యుంటాం" అంది.

అప్పుడు డీన్స్‌గేట్ బోర్డు సంగతి ఎత్తాను. మావారి ప్రశ్న కూడా అడిగాను. ఎర్రవాళ్ళు మారరు కదా, ఎందుకది?

"ఎర్రవాళ్ళ కోసమని ఎవరన్నారమ్మా? ఎర్రవాళ్ళ మధ్య ఉన్న నాలాంటివాళ్ళ కోసం. వారానికోసారి మందుల కోసం బస్సులో వెళుతుంటాను. ఆ రోజు కిటికీలోంచి ఆ బోర్డు చూశాను. నా రంగు వీధిలో నిలబడి ఉంది. వంటింట్లో కాదు, వీధిలో" అంది.

ఆవిడ కళ్ళు తుడుచుకోలేదు. బిస్కట్ల పళ్ళెం నా వైపు జరిపింది.

ఇంటికి వచ్చి, పిల్లలు పడుకునే వేళ బుజ్జిగాడి పక్కన కూర్చున్నాను. "ఒరేయ్ బుజ్జీ, నిజం చెప్పు. ఎందుకురా మారావు? ఆ టెవెజ్ అంటే అంత ఇష్టమా?"

వాడు దుప్పటి అంచు మెలిపెడుతూ చాలాసేపు ఊరుకున్నాడు. "పిన్నీ, స్కూల్లో కొత్త టీచరొచ్చినా, కొత్త పిల్లలొచ్చినా నన్నే అడుగుతారు, ఎక్కడి నుంచి వచ్చావని. నేనిక్కడే పుట్టాను కదా? టెవెజ్ వేరే దేశంవాడు. అయినా వాడికి వెల్‌కమ్ అని బోర్డు కట్టారు. మరి అది నాక్కూడా అనిపించింది."

నాకు నోట మాట రాలేదు. ఊరంతా వెక్కిరింతగా చదివిన మూడు మాటల్ని, ఉన్నవి ఉన్నట్టుగా చదివింది ఆ పదేళ్ళ పిల్లవాడొక్కడే. చదువు వచ్చినవాళ్ళకంటే పిల్లలకే బాగా చదవడం వస్తుందేమో.

ఈ మాట బావగారికి చెప్పాలా వద్దా అని రాత్రంతా తర్జనభర్జన పడి, తెల్లారి కాఫీ ఇస్తూ చెప్పేశాను. ఆయన కప్పు పట్టుకుని కిటికీలోంచి చూస్తూ నిలబడ్డారు. కాఫీ చల్లారిపోయింది.

"నీకు స్ట్రెచరు పెద్దాయన సంగతి చెప్పాను కదమ్మా" అన్నారు చివరికి. "ఆ ఊళ్ళో నన్ను ఎక్కడి నుంచి వచ్చావని కాకుండా, ఎరుపా నీలమా అని అడిగిన మొదటి మనిషి వాడే. అందుకే నాకా రంగు అంత తీపి. వీడికీ అదే ఆకలన్నమాట. ఇక్కడ పుట్టాడు కదా, వీడికి ఉండదనుకున్నాను."

ఆ శనివారం ఆయనే కొడుకుని దుకాణానికి తీసుకెళ్ళి నీలం చొక్కా కొనిపెట్టారు. "నా జీవితంలో ఇంత అవమానం పడలేదు. దుకాణంవాడు నాకు కూడా ఒకటి తీసుకోమన్నాడు!" అని ఇంటికొచ్చి గొణిగారు. బుజ్జిగాడు ఆ చొక్కాతో ముందు పక్కింటికే పరుగెత్తాడు.

ఆ మధ్యాహ్నం నేను సూట్‌కేసు అడుగునుంచి నీలం డబ్బా తీశాను. పూతరేకులు సగం పొడిపొడిగా రాలిపోయాయి. అవతలివాళ్ళ పేటలో బోర్డు కట్టేది అక్కడివాళ్ళని లాక్కోవడానికే అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఆ రెండు నెలలూ తెనాలివాళ్ళ మధ్య అమలాపురానికి ఉన్న ఒకే ఒక్క మనిషి నా నాలుగేళ్ళ కూతురు. నువ్వు మాదానివి కూడా అని ఆ పిల్లకి గుర్తుచేసుకున్నారు ఆవిడ, పంచదారా నెయ్యీ వేసి. నేను దాన్ని తెచ్చి ఎక్కడ పెట్టాను? పక్కింటావిడ వంటింటి గోడ గుర్తొచ్చింది. నేను అంతకంటే కిందికి, పెట్టె అడుక్కి తోసేశాను.

రేకుల్ని ఏరి పళ్ళెంలో పెట్టి అందరికీ పంచాను. పక్కింటావిడకీ రెండు పంపాను. కాగితంతో సహా తినాలా అని కబురంపిందావిడ. అవి బియ్యపు రేకులని చెప్పి ఒప్పించడానికి బుజ్జిగాడికి అరగంట పట్టింది. ఆ సాయంత్రం అమలాపురానికి నేనే ఫోన్ చేశాను.

"మీ అక్కయ్యగారికి నచ్చాయామ్మా?" అన్నారు అత్తగారు. ఆలస్యమేమని అడగలేదు. అడుగుతారని జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను.

ఫోన్ మా అమ్మాయి చేతికిచ్చాను. నేర్పినట్టే, "నానమ్మా, పూతరేకులు బావున్నాయండీ, ఆయ్!" అంది. అవతల ఆవిడ నవ్వు, అయిదు వేల మైళ్ళు దాటి, గదంతా వినపడింది.

ఆ తర్వాత చాలా ఆటలు జరిగాయి. 2011 మేలో సిటీ ఎఫ్.ఏ. కప్పు గెలిచి, 1976 నుంచి ఒక్క పెద్ద కప్పూ లేదన్న వెలితి తీర్చుకుంది. 2023లో, 1999 నాటి యునైటెడ్ లాగే, మూడు కప్పులూ ఒకే ఏడాదిలో గెలిచింది. ఆ రోజు బుజ్జిగాడు తండ్రికి ఫోన్ చేసి ఏమీ మాట్లాడకుండా అరనిమిషం నవ్వాడట. పక్కింటావిడ 2012లో సిటీ లీగు గెలవడం చూసి, ఆ మరుసటేడు పోయింది. మా అత్తగారు 2016లో పోయారు.

2025 జనవరిలో డెనిస్ లా పోయాడని అక్కయ్య ఫోన్ చేసింది. ఓల్డ్ ట్రాఫర్డ్ బయట అతని విగ్రహం దగ్గర జనం పూలూ కండువాలూ పెడుతుంటే, బావగారు ఎర్ర కండువా పట్టుకుని బయల్దేరారట. బుజ్జిగాడు వేరే ఊరినుంచి రైల్లో వచ్చి తండ్రితో వెళ్ళాడట. వాడి చేతిలో నీలం కండువా. అది వాడిది కాదు, పక్కింటావిడ వంటింట్లోది. పోయేముందు వాడికిచ్చిందట. రెండూ పక్కపక్కన పెట్టి వచ్చారు.

ఆ నీలం డబ్బా ఇప్పటికీ మా వంటింటి అలమారులో ఉంది. మా అమ్మ ఏటా తెనాలి నుంచి పంపే కారం దాంట్లోనే పోసుకుంటాను. మొన్న సెలవులకి వచ్చిన మా అమ్మాయి మూత తీసి, "అమ్మా, లోపల ఎరుపు, బయట నీలం. ఇంతకీ నువ్వు ఏ జట్టు?" అంది.

"ముందు తుమ్మొచ్చేలోగా మూత పెట్టవే తల్లీ" అన్నాను.

"ఆయ్!" అంది.